వీడియో వస్తోంది, ఫొటో ఎందుకు పోదు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఫోన్ సిగ్నల్ గురించే. 4జీ, 5జీ రెండూ ఓఎఫ్‌డీఎం అనే ఒకే పద్ధతి మీద నడుస్తాయని, అంటే సమాచారాన్ని వందల సన్నని తరంగాలకు (సబ్‌క్యారియర్లకు) పంచి పంపుతాయని, పోయిన సంచికలో ఒక వాక్యం రాసి ముందుకెళ్ళిపోయాను. దాన్ని పట్టుకుని చాలామంది అడిగారు. అడగాల్సిన మాటే. ఇరవై ఏళ్ళకు పైగా తెనాలి దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో చెబుతున్న పాఠం ఇది, నాకు బాగా ఇష్టమైన పాఠం కూడా. అందుకని ఈసారి జవాబులు కొంచెం పొడుగ్గా ఉంటాయి.

*ఈసీఈ ఫైనలియర్ చదువుతున్నాను మేడమ్. ఓఎఫ్‌డీఎంలో సబ్‌క్యారియర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, అయినా కలిసిపోవు, ఎందుకంటే అవి ఆర్థోగోనల్ అని రాసి మార్కులు తెచ్చుకున్నాను. నిజంగా అయితే నాకు అర్థం కాలేదు. – ఒక విద్యార్థిని, భీమవరం*

అర్థం కాలేదని రాసినందుకు ముందు నిన్ను మెచ్చుకోవాలమ్మా. కాగితం, పెన్సిల్ తీసుకో. రెండు తరంగాలను నాలుగేసి అంకెలుగా రాద్దాం. మొదటిది: +1, +1, −1, −1. రెండోది: +1, −1, +1, −1. మొదటి దాని మీద 3 అనే సమాచారం పంపాలి, రెండో దాని మీద 5. మొదటి వరసను 3తో, రెండో వరసను 5తో గుణించి కలిపెయ్యి. 8, −2, 2, −8 వస్తాయి. గాలిలో వెళ్ళేది ఈ నాలుగు అంకెలే. అందులో 3 ఎక్కడుందో, 5 ఎక్కడుందో కంటికి కనిపించదు.

ఇప్పుడు నువ్వే రిసీవర్‌వి. వచ్చిన నాలుగింటినీ మొదటి వరసతో గుణించు: 8, −2, −2, 8. మొత్తం 12, నాలుగుతో భాగిస్తే 3. రెండో వరసతో గుణించు: 8, 2, 2, 8. మొత్తం 20, నాలుగుతో భాగిస్తే 5. ఎవరి సొమ్ము వారికి చేరింది. రెండు వరసల్నీ ఒకదానితో ఒకటి గుణిస్తే +1, −1, −1, +1 వచ్చి మొత్తం సున్నా అవుతుంది కాబట్టి ఇది కుదిరింది. ఆర్థోగోనల్ అంటే ఆ సున్నాయే. 4జీలో ఈ వరసల స్థానంలో 15 కిలోహెర్ట్జ్ ఎడంతో నిలబడ్డ సైన్ తరంగాలు ఉంటాయి. 66.67 మైక్రోసెకన్లలో ఒకటి పది చుట్లు తిరిగితే పక్కది పదకొండు, ఆ పక్కది పన్నెండు. అన్నీ నిండు చుట్లే. అందుకే గుణించి కూడితే సున్నా.

ఇంతమందిని నిలబెట్టడం దేనికి, ఒక్క క్యారియరే గబగబా పరిగెత్తితే పోదా అని అడగొచ్చు. 20 మెగాహెర్ట్జ్‌లో ఒక్కటే పరిగెత్తితే ఒక్కో సింబల్‌కు, అంటే ఒకసారికి పంపే సమాచారపు ముక్కకు, దక్కేది మైక్రోసెకనులో ఇరవయ్యో వంతు. ఊళ్ళో మేడకో నీళ్ళ ట్యాంకుకో తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని ఒక్క మైక్రోసెకను ఆలస్యంగా వచ్చినా ఇరవై సింబళ్ళు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. అదే పనిని 1200 సబ్‌క్యారియర్లకు పంచితే ఒక్కోటీ తాపీగా నడుస్తుంది. 66 మైక్రోసెకన్ల సింబల్‌కు ఒక మైక్రోసెకను ఆలస్యం పెద్ద దెబ్బ కాదు.

ఆ కాస్త దెబ్బ కూడా తగలకుండా సైక్లిక్ ప్రిఫిక్స్ ఉంది. మన 8, −2, 2, −8లో చివరి −8ని కాపీ చేసి ముందు కూడా పెట్టు: −8, 8, −2, 2, −8. ఇప్పుడు ప్రతిధ్వని ఒక అంకె ఆలస్యంగా వచ్చి కలిసినా, నువ్వు చూసే నాలుగు గదుల్లో పడేది ఇదే సింబల్ తాలూకు అంకెలు, కొంచెం తిరిగిన వరసలో. ముందటి సింబల్ లోపలికి రాదు. తిరిగిన కోణాన్ని పైలట్ల సాయంతో, అంటే రిసీవర్‌కు ముందే తెలిసిన అంకెల సాయంతో, సరిచేసుకోవచ్చు. ఎంటెక్‌లో నేను తలను తీసుకెళ్ళి తోకకు తగిలించాను. రిసీవర్‌లో మాత్రం మొదటి అంకెల్నే కోసేస్తున్నాను. చుక్కలు నాలుగు గుంపులుగా రావాల్సిన చోట తెర నిండా పొడి చల్లినట్టు వచ్చాయి. రెండు వారాలు ఛానల్ మోడల్‌లో తప్పు వెతికాను. చివరికి ఇలాగే నాలుగు అంకెలతో చేత్తో చేసి చూస్తే దొరికింది. అప్పటి నుంచి క్లాసులో ముందు ఈ నాలుగు అంకెలే, ఇంటెగ్రల్ గుర్తు తర్వాతే.

ఇది కొత్తగా వచ్చిన ఆలోచన కాదు. బెల్ ల్యాబ్స్‌లో రాబర్ట్ చాంగ్ 1966లోనే రాశారు. అప్పట్లో ఒక్కో క్యారియర్‌కు తరంగాన్ని పుట్టించే ఆసిలేటర్ ఒకటి కావాలి, వందలు పెట్టడం ఎవరి తరం? 1971లో వైన్‌స్టైన్, ఎబర్ట్ అనే ఇద్దరు ఫూరియర్ ట్రాన్స్‌ఫామ్‌తో ఆ ఆసిలేటర్లన్నిటినీ లెక్కలోకి మార్చేశారు. సైక్లిక్ ప్రిఫిక్స్ 1980లో పెలెడ్, రూయిజ్‌ల పేపర్‌తో వచ్చింది. చిప్పులు చవకయ్యేదాకా ఆ కాగితాలు ఎదురుచూశాయి. ఇవాళ నీ 4జీ ఫోన్ 20 మెగాహెర్ట్జ్ సిగ్నల్ అందుకుంటున్నప్పుడు 2048 పాయింట్ల ఎఫ్‌ఎఫ్‌టీని, అంటే ఆ ఫూరియర్ లెక్కనే వేగంగా చేసే పద్ధతిని, ఒక్కో యాంటెన్నాకు సెకనుకు 14,000 సార్లు చేస్తోంది. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

*మల్టీక్యారియర్ అంటే నా ఫోన్‌లో రెండు కంపెనీల సిమ్‌లు ఉండటమేనా? – ఒక పాఠకుడు, జగిత్యాల*

కాదండి. మీరన్న క్యారియర్ సర్వీసు ఇచ్చే కంపెనీ. ఇక్కడ క్యారియర్ అంటే సమాచారాన్ని మోసే తరంగం. ఒక్క సిమ్‌తో మాట్లాడుతున్నా మీ ఫోన్ వందల తరంగాల మీద పనిచేస్తుంది.

*మాది పాడేరు దగ్గర గూడెం. ఫోన్‌లో రెండు గీతలు చూపిస్తుంది, యూట్యూబ్ ఆగి ఆగి అయినా వస్తుంది. ఆశా వర్కర్‌గా నేను ఫొటో తీసి పంపాలంటే మాత్రం గంట తిరుగుతూనే ఉంటుంది. రావడానికి లేని ఇబ్బంది పోవడానికి ఎందుకు? బజారులో సిగ్నల్ బూస్టర్ అమ్ముతున్నారు, కొనమంటారా? – ఒక సోదరి, అల్లూరి సీతారామరాజు జిల్లా*

అక్కా, ఈ నెల ఉత్తరాలన్నిటిలోకీ నన్ను ఎక్కువగా కూర్చోబెట్టింది మీదే.

మీ ఫోన్ మీద కనిపించే గీతలు టవర్ మాట మీకు ఎంత బాగా వినిపిస్తోందో చెబుతాయి. మీ మాట టవర్‌కు ఎంత వినిపిస్తోందో అవి చెప్పవు. టవర్ ఒక వైపుకు పదుల వాట్ల శక్తితో పంపుతుంది. మామూలు ఫోన్ గరిష్ఠంగా పంపగలిగేది వాట్‌లో ఐదో వంతు, 200 మిల్లీవాట్లు. టవర్ 40 వాట్లు అనుకుంటే 200 రెట్ల తేడా. కొండ అవతల నుంచి ఒకరు మైకులో పిలుస్తుంటే మీరు ఉత్త గొంతుతో బదులు చెబుతున్నట్టు.

ఇందులో ఓఎఫ్‌డీఎం తెచ్చే ఇబ్బంది ఇంకొకటి ఉంది. నాలుగు సబ్‌క్యారియర్లు తీసుకుని నాలుగింటి మీదా +1 పంపామనుకోండి. అన్నిటి శిఖరాలూ ఒకే క్షణంలో కలుస్తాయి. బయటికి వచ్చే సిగ్నల్ 4, 0, 0, 0. ఇప్పుడు నాలుగో దాని గుర్తు మాత్రం −1 చేయండి. సిగ్నల్ ఎత్తు నాలుగు క్షణాల్లోనూ 2, 2, 2, 2. మొత్తం శక్తి రెండింటికీ ఒకటే. ఒక్క గుర్తు మారితే ఒకటి కొండలా లేచింది, ఇంకొకటి చదునుగా నడిచింది. నాలుగింటితోనే ఇలా ఉంటే వందలు కలిసినప్పుడు సగటు శక్తికి పది రెట్ల శక్తి ఉన్న శిఖరాలు లేవడం మామూలే. పీక్ టు యావరేజ్ నిష్పత్తి అనేది దీన్నే.

ఫోన్‌లోని పవర్ ఆంప్లిఫయర్ చిన్నది. శిఖరాన్ని తుంచేస్తే సిగ్నల్ పాడవుతుంది, పక్క ఛానళ్ళలోకి చెత్త పోతుంది. తుంచకూడదంటే ఆ పెద్ద శిఖరానికి చోటు వదిలి మొత్తం సిగ్నల్‌ను తగ్గించి పంపాలి. అంటే ఉన్న ఆ కాస్త గొంతును కూడా పూర్తిగా వాడుకోలేకపోవడం. టవర్‌కు పెద్ద ఆంప్లిఫయర్, కరెంటు, ఫ్యాన్లు అన్నీ ఉంటాయి, అది భరిస్తుంది. నష్టపోయేది సెల్ చివర కొండవాలులో ఉన్న ఫోను, అంటే మీరు.

4జీ రూపొందించినవాళ్ళకు ఇది తెలుసు. అందుకే ఫోన్ నుంచి టవర్‌కు వెళ్ళే దారిలో మామూలు ఓఎఫ్‌డీఎం పెట్టలేదు. సమాచారాన్ని ముందు ఒకసారి ఫూరియర్ ట్రాన్స్‌ఫామ్ చేసి, ఆ తర్వాత సబ్‌క్యారియర్ల మీద ఎక్కిస్తారు. డీఎఫ్‌టీ స్ప్రెడ్ ఓఎఫ్‌డీఎం అంటారు. ఒక మెలిక, దాని వెనకే విప్పే మెలిక. బయటికి వచ్చేసరికి ఒకే క్యారియర్ నడిచినట్టు ఉంటుంది, శిఖరాలు తగ్గుతాయి. 5జీలో రెండూ ఉన్నాయి. సిగ్నల్ బాగున్న ఫోన్‌కు మామూలు ఓఎఫ్‌డీఎం, అంచున ఉన్న ఫోన్‌కు ఇది అని నెట్‌వర్క్ ఎంచుకోవచ్చు.

ఇక్కడ మన హైదరాబాద్ ఐఐటీ గురించి చెప్పాలి. సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఆ సంస్థలో ప్రొఫెసర్ కిరణ్ కూచి బృందం ఈ అంచు ఫోన్ సమస్య మీదే ఏళ్ళ తరబడి పనిచేసింది. పై బై టు (π/2) బీపీఎస్‌కే అనే పద్ధతిలో ఒక్కో బిట్‌కు సిగ్నల్‌ను తొంభై డిగ్రీలు తిప్పుతూ పోతారు, దానికి తోడు అంచులు మెత్తబడేలా మలుస్తారు. ఎత్తుపల్లాలు దాదాపు మాయమవుతాయి. ఆంప్లిఫయర్ తన పూర్తి శక్తికి దగ్గరగా పనిచేయగలుగుతుంది. ఇది 5జీ మొదటి ప్రమాణమైన రిలీజ్ 15లోనే చేరింది. ఇంకో సంగతి. 5జీకి గ్రామీణ పరీక్ష ఎలా ఉండాలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్‌లో చర్చ జరిగినప్పుడు, టవర్‌కూ టవర్‌కూ 6 కిలోమీటర్లు ఉండే పల్లెలను కూడా లెక్కలోకి తీసుకోవాలని పట్టుబట్టింది భారతదేశమే. మన దేశం పెట్టిన 5జీఐ ప్రమాణానికి 2021లో ఆ యూనియన్ ఆమోదం వచ్చింది, తర్వాత రిలీజ్ 17లో ప్రపంచ ప్రమాణంతో కలిసిపోయింది. వేవ్‌ఫామ్ (గాలిలోకి పంపే సిగ్నల్ రూపం) గురించి ఎవరు మాట్లాడినా సెకనుకు ఎన్ని గిగాబిట్లు అంటారు. నా మట్టుకు నాకు, మీ ఫొటో ఒక్క నిమిషంలో పోయేలా చేసేదే మంచి వేవ్‌ఫామ్.

ఇప్పుడు మీరు చేయగలిగింది. రేకుల కప్పు కింద నుంచి పంపకండి, టవర్ ఉన్న వైపు ఆరుబయటికి రండి. ఫోన్‌ను గుప్పిట్లో మూసి పట్టుకోకుండా పై అంచున పట్టుకోండి. సెట్టింగుల్లో ఒకసారి 4జీ మాత్రమే పెట్టి పంపి చూడండి. తక్కువ ఫ్రీక్వెన్సీ దొరికితే కొండల్లో అది మెరుగు. ఫొటోను చిన్నది చేసి పంపండి. బూస్టర్ మాత్రం కొనకండి. లైసెన్సు లేకుండా దాన్ని పెట్టడం చట్టరీత్యా నేరం. అంతకంటే ముఖ్యం, నాసిరకం బూస్టర్ టవర్ చెవిలో హోరు పెంచుతుంది. అప్పుడు మీ ఒక్కరిదే కాదు, గూడెంలో అందరి ఫొటోలూ ఆగిపోతాయి.

*సికింద్రాబాద్ నుంచి విశాఖ రైల్లో వెళ్తుంటే కాల్ పదిసార్లు తెగింది. వేగం వల్ల డాప్లర్ అని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, తాడేపల్లిగూడెం*

మాస్టారూ, మీ అబ్బాయి చదివింది తప్పు కాదు, కానీ ఇక్కడ దోషి అది కాదు. డాప్లర్ అంటే కదలిక వల్ల ఫ్రీక్వెన్సీ జరగడం. గంటకు 130 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఫ్రీక్వెన్సీ జరిగేది సుమారు 420 హెర్ట్జ్. ఆ బ్యాండులో 5జీ సబ్‌క్యారియర్ల మధ్య ఎడం సాధారణంగా 30,000 హెర్ట్జ్. నూటికి ఒకటిన్నర వంతు కూడా లేదు. ఫోన్ దాన్ని సర్దుకుంటుంది. కాల్ తెగేది ఎక్కువగా రెండు కారణాల వల్ల. ఏసీ పెట్టె ఇనుప గోడ, పూత వేసిన అద్దం సిగ్నల్‌ను లోపలికి రానివ్వవు. రెండోది, నిమిషానికో టవర్ మారుతుంటుంది. పొలాల మధ్య టవర్లు ఎడం ఎడంగా ఉన్నచోట ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకునేలోపు పట్టు జారుతుంది.

డాప్లర్ నిజంగా పీడించేది విమానాలు, ఇంకా వేగంగా పోయే రైళ్ళు, నేలకు దగ్గరగా తిరిగే ఉపగ్రహాల విషయంలో. ఆ ఉపగ్రహాలు సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా పోతాయి. 2 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా పదుల కిలోహెర్ట్జ్ జరుగుతుంది, సబ్‌క్యారియర్ల మధ్య ఎడం కంటే ఎక్కువ. ముందే లెక్కగట్టి సవరించకపోతే నేను భీమవరం అమ్మాయికి చెప్పిన ఆ సున్నా సున్నాగా మిగలదు.

దీనికోసం వచ్చిన ఆలోచనే ఓటీఎఫ్‌ఎస్. 2017లో రోనీ హదానీ, ఆయన సహచరులు దాన్ని పేపర్‌గా ప్రకటించారు. ఓఎఫ్‌డీఎంను చుక్కల ముగ్గు అనుకోండి. నిలువున ఫ్రీక్వెన్సీ, అడ్డంగా కాలం, ఒక్కో చుక్క మీద ఒక్కో సమాచారం. ఓటీఎఫ్‌ఎస్‌లో ఒక్కో సమాచారాన్ని ఒక్క చుక్కలో పెట్టరు, ముగ్గంతటా పరుస్తారు. చుక్కలను ఆలస్యం, డాప్లర్ అనే వేరే రెండు కొలతల మీద పెడతారు. టవర్‌కూ రైలుకూ మధ్య కొండ, వంతెన, మేడ ఉన్నాయంటే ఆ కొలతల మీద అవి మూడు నాలుగు బిందువులుగా, కాసేపు కదలకుండా కనిపిస్తాయి. బెంగళూరు ఐఐఎస్‌సీలో ప్రొఫెసర్ చొక్కలింగం బృందం దీని మీద చాలా పని చేసింది. నాకు ఇందులో అందం కనిపిస్తుంది. రిసీవర్ లెక్క బరువు మాత్రం ఓఎఫ్‌డీఎం కంటే బాగా ఎక్కువ.

*ఎంటెక్ ప్రాజెక్టుకు మా గైడ్ ఎఫ్‌బీఎంసీ లేదా జీఎఫ్‌డీఎం చేయమన్నారు. 6జీలో వీటికి భవిష్యత్తు ఉందా? టెన్షన్‌గా ఉంది. – ఎంటెక్ విద్యార్థి, వరంగల్*

నాయనా, ఈ రెండూ ఓఎఫ్‌డీఎంకు పోటీగా వచ్చిన పద్ధతులు. ముందు ఇవి ఎందుకు పుట్టాయో చెబుతాను. మా ల్యాబులో ఒక చిన్న యూఎస్‌బీ రేడియో డాంగిల్ ఉంది, ఒకసారికి 2.4 మెగాహెర్ట్జ్ మేర చూపిస్తుంది. దాన్ని 850 మెగాహెర్ట్జ్ బ్యాండులోని 4జీ సిగ్నల్ అంచుకు తిప్పితే తెర మీద ఇంటి ముందు అరుగులా చదునుగా కనిపిస్తుంది. ఆ అరుగు చివర నిలువుగా తెగదు, ఇసుక జారినట్టు వాలుతుంది. ఓఎఫ్‌డీఎం లోపం అదే. పక్కవాళ్ళ మీద పడకుండా 4జీ 20 మెగాహెర్ట్జ్‌లో 18 మాత్రమే వాడుకుని మిగతాది ఖాళీగా వదిలింది. ఎఫ్‌బీఎంసీ ఒక్కో సబ్‌క్యారియర్‌కూ ఒక్కో ఫిల్టర్ పెట్టి అంచును నిలువుగా కోస్తుంది, సైక్లిక్ ప్రిఫిక్స్ కూడా అక్కర్లేదు. జీఎఫ్‌డీఎం కొన్ని సింబళ్ళను ఒక కట్టగా చేసి ఆ పని చేస్తుంది. యూరప్‌లో ఫైడియాస్, 5జీనౌ అనే ప్రాజెక్టులు వీటిని లోతుగా తవ్వాయి.

అయినా 5జీ ప్రమాణం రాసేటప్పుడు మళ్ళీ ఓఎఫ్‌డీఎంనే తీసుకున్నారు. ఎఫ్‌బీఎంసీ ఫిల్టర్లు పొడుగు, చిన్న చిన్న ప్యాకెట్లకు ఆ తోకలు భారం. యాంటెన్నాలు పెరిగేకొద్దీ దానిలోపల పుట్టే జోక్యాన్ని విడదీయడం కష్టం. పైగా ఓఎఫ్‌డీఎం అంచునే ఫిల్టర్‌తోనో విండోతోనో చెక్కుకుంటే చాలా వరకు పని అయిపోయింది. 5జీలో 100 మెగాహెర్ట్జ్‌కు 98.28 వాడుకుంటున్నారు. ప్రత్యర్థి గెలవాల్సిన చోటు అలా సన్నబడిపోయింది.

అందుకని భవిష్యత్తు ఉందా అనే ప్రశ్న పక్కన పెట్టు. ప్రాజెక్టు బాగుండటానికి పేరు కొత్తది కానక్కర్లేదు. ఏటా నా దగ్గరికి వచ్చే రిపోర్టుల్లో ఉత్త నాయిస్ ఛానల్‌లో తప్పుల శాతానికి రెండు గీతలు గీసి, మాది కింద ఉంది కాబట్టి మాదే మేలు అని రాసినవి ఎక్కువ. వాటిని చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే రాసిన పిల్లలు తెలివైనవాళ్ళు. నువ్వు ఎఫ్‌బీఎంసీనే తీసుకో. కానీ నిజమైన ఆంప్లిఫయర్ మోడల్ పెట్టు, ఆంప్లిఫయర్ తర్వాత ఆ నిలువు అంచు ఇంకా నిలువుగా ఉందో లేదో కొలువు. ఎన్ని గుణకారాలు పట్టాయో లెక్కపెట్టు. ఫలితం వ్యతిరేకంగా వస్తే అలాగే రాయి. గైడ్ గారికి ఈ జవాబు చూపించి మాట్లాడు, ఒప్పుకుంటారనే నా నమ్మకం.

*మా పాత రేడియోలో మీడియం వేవ్ మీద ఆకాశవాణి పక్కనే ఒక చోట ఎప్పుడూ 'ష్' అని హోరు వస్తుంది. రేడియో పాడైందా? – ఒక శ్రోత, కందుకూరు*

రేడియో బాగానే ఉండి ఉంటుందండి. ఆకాశవాణి కొన్ని మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ల నుంచి మామూలు ప్రసారం పక్కనే డీఆర్‌ఎం అనే డిజిటల్ ప్రసారం కూడా ఇస్తోంది. అదీ ఓఎఫ్‌డీఎమే. కొద్ది కిలోహెర్ట్జ్‌లలో వందకు పైగా క్యారియర్లు సర్ది పంపుతారు. పాత రేడియో వాటిని విడదీయలేదు కాబట్టి అన్నీ కలిసి మీకు హోరుగా వినిపిస్తాయి. కొన్ని కొత్త కార్లలో దాన్ని పట్టే రిసీవర్లు ఉన్నాయి.

ఇందులో నాకు నచ్చే లెక్క ఒకటుంది. 4జీలో సైక్లిక్ ప్రిఫిక్స్ 4.7 మైక్రోసెకన్లు, అంటే దారుల మధ్య తేడా 1.4 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. డీఆర్‌ఎంలో ఒక పద్ధతిలో అదే గార్డు 2.66 మిల్లీసెకన్లు, 800 కిలోమీటర్ల తేడా. రాత్రిపూట మీడియం వేవ్ ఆకాశం నుంచి తిరిగొచ్చి నేల మీది తరంగంతో కలుస్తుంది కదా, అందుకు అంత ఎడం.

హోరు మొదలయ్యే చోటు, ఆగే చోటు డయల్ మీద గుర్తు పెట్టుకోండి. పగలు ఒకసారి, రాత్రి తొమ్మిది తర్వాత ఒకసారి విని, ఆ అంకెలు రాసి పంపండి. అది డీఆర్‌ఎమేనా, మీ ఇంటి ఎల్‌ఈడీ బల్బు తాలూకు గోలా అన్నది వచ్చే నెల చెబుతాను.